చక్రనాభి ఊగుడు: కొలుచు విధము

కారు బ్రేకు నొక్కినపుడు కాలిక్రింద పెడలు అదరుట, చేతిలో స్టీరింగు వణకుట శ్రోతలలో పెక్కుమందికి అనుభవమే. వర్కుషాపునకు తీసికొనిపోగా, డిస్కు వంగినది, మార్చవలెనందురు. క్రొత్త డిస్కు వేయించిన పిదప కొన్ని నెలలు బండి సుఖముగా నడచును. మరల అదే అదురు, మరల అదే ఖర్చు. ఇట్టి సందర్భములలో దోషము తరచు డిస్కునందు గాక, దానిని మోయు చక్రనాభియందు ఉండును. ఆ సంగతి ఊహించనక్కరలేదు, కొలిచి తెలిసికొనవచ్చును.

నాభి యనగా మెకానిక్కులు హబ్బు అను భాగము. బేరింగుపై తిరుగు ఈ లోహపు పళ్లెమునకే డిస్కును, దానిపై చక్రమును నట్లతో బిగింతురు. ఈ పళ్లెపు ముఖము తాను తిరుగు అక్షమునకు సరిగా లంబముగా ఉండవలెను. అట్లు లేనిచో తిరుగునపుడు ఇటునటు ఊగును. ఇంగ్లీషువారు దీనిని రనౌట్ అందురు. ఆ మాట వినగానే క్రికెట్టు వ్యాఖ్యానము స్ఫురించుట సహజము గనుక మేము ఊగుడు అనియే వ్యవహరింతుము. సైకిలు షాపులో చక్రము బెండు తీయువాడు రిమ్ము ప్రక్కన బొటనవ్రేలు నిలిపి చక్రమును త్రిప్పి చూచునది ఈ ఊగుడునే. అయితే ఆ వ్రేలికి తెలియునది అర మిల్లీమీటరు. కారు నాభి విషయమున మనకు కావలసినది మిల్లీమీటరులో నూరవ వంతు.

ఇంత స్వల్పమైన తేడా ఏమి చేయగలదని సందేహము కలుగవచ్చును. నాభి అంచున, కేంద్రమునకు 60 మి.మీ. దూరమున, ఊగుడు 0.05 మి.మీ. ఉన్నదనుకొందము. ఇది తలవెండ్రుక మందమునకు మించదు. కాని డిస్కు నాభికంటె పెద్దది. కేంద్రమునకు 120 మి.మీ. దూరమున అదే ఊగుడు రెట్టింపై 0.10 మి.మీ. అగును. బ్రేకు నొక్కనపుడు సైతము డిస్కులో ఒకే చోటు, తిరిగిన ప్రతిమారు, ప్యాడును రాచుకొనిపోవును. చక్రము చుట్టుకొలత 1.8 మీటర్లయినచో 5,000 కిలోమీటర్లలో 27 లక్షలకు పైగా రాపిళ్లు! ఆ చోట డిస్కు పలుచనగును. మందములో 0.02 మి.మీ. తేడా ఏర్పడినంతనే పెడలు అదురుట మొదలు కావచ్చును. అందుచేత క్రొత్త డిస్కు మొదట బాగుండి, కొన్నివేల కిలోమీటర్ల పిమ్మట చెడును. డిస్కు వేడికి వంగినదను మాట, మా అభిప్రాయమున, అవసరమునకు మించి వాడుకలో నున్నది.

కొలుచుటకు కావలసినది డయల్ గేజి. చిన్న గడియారము వంటి ముఖము, క్రింద లోనికి బయటికి కదలు సన్నని కడ్డీ. ముల్లు ఒక గీత కదలినచో 0.01 మి.మీ. అని అర్థము. బండిని చదునైన నేలపై నిలిపి, నేలపైనున్న చక్రములకు దిమ్మలు పెట్టి, ఎత్తిన భాగమును స్టాండుపై ఆనించవలెను. ఒక్క జాకీని నమ్ముకొని పని చేయుట ప్రాణాపాయము.

మొట్టమొదట బేరింగు వదులుగా ఉన్నదేమో చూడవలెను. చక్రమును పైన, క్రింద పట్టి ఊపినపుడు కదలిక తెలిసినచో, ఆ లోపము సరిచేయక గేజి పెట్టుట వ్యర్థము. పిదప చక్రము విప్పి, డిస్కును నట్లతో సమముగా బిగించి, దాని వెలుపలి అంచునకు సుమారు 10 మి.మీ. లోపల గేజి కడ్డీని లంబముగా ఆనించవలెను. గేజి మోయు అయస్కాంతపు పీటను చక్రమును మోయు దిమ్మపైననే కదలకుండ నిలుపవలెను. నిదానముగా ఒక పూర్తిచుట్టు త్రిప్పి, ముల్లు చూపిన హెచ్చు తగ్గుల నడిమి తేడాను వ్రాసికొని, ఎత్తైన చోట సుద్దతో గుర్తు పెట్టవలెను.

తరువాత డిస్కు తీసి నాభి ముఖమును చూడవలెను. ఇక్కడనే పెక్కు రోగములు బయటపడును. డిస్కునకు, నాభికి నడుమ చేరిన త్రుప్పు పొర ఒక్కటే ఊగుడు పుట్టింపగలదు. ఉప్పుగాలి తగులు తీరపు ఊళ్లలో ఇది మరింత సాధారణము. లోహము మెరయువరకు తీగెబ్రష్షుతో శుభ్రపరచి, స్టడ్లకు వెలుపలి అంచున గేజి ఆనించి మరల కొలువవలెను. బండి నిర్మాత ఇచ్చిన హద్దే ప్రమాణము. సామాన్యముగా నాభికి 0.05 మి.మీ. లేదా అంతకు తక్కువ, డిస్కునకు 0.05 నుండి 0.10 మి.మీ. వరకు చెప్పుదురు.

నాభి హద్దు దాటినచో దానిని మార్చవలసినదే. హద్దులోనే ఉండి డిస్కు మాత్రము ఊగుచున్నచో, డిస్కు విడిగా బిగింపబడు బండ్లలో ఒక చిన్న ఉపాయము కలదు. డిస్కును ఒక బోల్టు రంధ్రము మేర జరిపి బిగించి మరల కొలువవలెను. నాభి ఎత్తునకు డిస్కు పల్లము ఎదురైనచో రెండును కొంత చెల్లిపోవును. నాలుగు స్టడ్లున్న నాభికి నాలుగు స్థానములు, అయిదున్నచో అయిదు. అన్నిటిలో తక్కువ ఊగుడు చూపిన స్థానమును స్థిరపరచవలెను.

చక్రము తిరిగి తొడుగునపుడు నట్లను ఒకదాని కెదురుగా ఒకటిగా, టార్కు రెంచితో, నిర్మాత చెప్పిన బిగువునకే బిగింపవలెను. గాలి తుపాకితో ఒక నట్టు అతిగా, మరియొకటి చాలకుండ బిగించినచో, దోషము లేని నాభిపైన దోషము లేని డిస్కు సైతము వంకరగా లాగబడును.