పల్నాటి విశ్వాసి ధ్యానం చేయవచ్చా?

బీపీ అనో, నిద్ర పట్టడం లేదనో నరసరావుపేట వచ్చి చూపించుకునేవాళ్లకు మాత్రలు రాస్తూనే, రోజూ ఓ పది నిమిషాలు ఒకచోట కూర్చుని ఊపిరి మీద మనసు పెట్టమని చెప్పే డాక్టర్లున్నారు. 2025 మే 21 నుంచి జూన్ 21 దాకా రాష్ట్ర ప్రభుత్వం యోగాంధ్ర పేరుతో యోగా కార్యక్రమాలు జరిపింది. ఆదివారం మందిరానికి వెళ్లేవాళ్లకు ఇలాంటి చోట ఒక చిక్కు వస్తుంది. ఇందులో కూర్చుంటే విశ్వాసం తప్పినట్టా? అన్యుల ఆచారం, జోలికి పోవద్దని ఒకరంటారు. ఒట్టి వ్యాయామమే, ఆలోచించడానికేముందని ఇంకొకరంటారు. రెండూ తొందరపడి చెప్పే జవాబులే.

మతంతో పనిలేని ధ్యానం అనేది ఆస్పత్రుల్లో పుట్టింది. హార్వర్డ్‌లో గుండె జబ్బుల డాక్టరు హెర్బర్ట్ బెన్సన్, మంత్రధ్యానం చేసేవాళ్ల ఊపిరి, గుండె వేగం ఎలా నెమ్మదిస్తున్నాయో కొలిచాడు. ఏ మాటను పట్టుకుని కూర్చున్నా శరీరం అలాగే కుదుటపడుతుందని 1975లో పుస్తకం రాశాడు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ కొన్ని వారాల తరగతి ఒకటి మొదలుపెట్టాడు. ఎన్ని మందులు వాడినా నొప్పి తగ్గనివాళ్లు దానికి వచ్చేవారు. చేయాల్సింది తేలికే: ఊపిరిని గమనించాలి, మనసు పక్కకు పోతే విసుక్కోకుండా మళ్లీ తెచ్చుకోవాలి. అందులో దేవుడి పేరు లేదు, మంత్రం లేదు, గురుపూజ లేదు. 2014లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం 47 పరీక్షల ఫలితాలను కలిపి చూసి, ఇలాంటి ధ్యానం వల్ల ఆందోళన, దిగులు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గుతాయని తేల్చింది. అద్భుతాలేమీ లేవు, మోసమూ లేదు.

అయితే ఈ పద్ధతిని కబట్-జిన్ తీసుకున్నది బౌద్ధం నుంచి. ఆ బౌద్ధం పల్నాటికి కొత్తదేమీ కాదు. మాచర్ల దగ్గర నాగార్జునకొండ లోయలో మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల విజయపురి ఉండేది. సింహళ భిక్షువుల కోసం అక్కడ ఒక విహారమే కట్టారు. సాగర్ నీళ్లు ఆ లోయను ముంచకముందే తవ్వి తీసిన శిల్పాలు ఇప్పటికీ కొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. ఊపిరిని గమనించడం బుద్ధుడు నేర్పిన సాధన. కానీ భిక్షువు బీపీ తగ్గడానికి కూర్చోలేదు. నేను అనేది నిలవదని తెలుసుకుని తృష్ణ నుంచి విడుదల పొందడానికి కూర్చున్నాడు. ఆస్పత్రి ఆ గమ్యాన్ని వదిలేసి, నడకను మాత్రం తీసుకుంది. అసలు ప్రశ్న ఇక్కడే ఉంది: గమ్యాన్ని వదిలేసి నడకను మాత్రం తీసుకోవడం కుదురుతుందా?

తెలుగు క్రైస్తవ సంఘం ఇలాంటి ప్రశ్నకు ఒకసారి జవాబు చెప్పుకునే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి క్రీస్తు మీద కీర్తనలు రాసినప్పుడు రాగాలు, తాళాలు మన భజన సంప్రదాయంలోవే. ఆ రాగాలు అంతకుముందు రాముడినీ కృష్ణుడినీ పాడినవని ఆ కీర్తనలను ఎవరూ మూలన పడేయలేదు. ఈనాటికీ మందిరాల్లో అవి వినిపిస్తూనే ఉన్నాయి. రూపం ఒకరిదే అయి ఉండనక్కర్లేదని పల్నాటి విశ్వాసులకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అయినా ఈ పోలికకు హద్దుంది. రాగం మనకు సిద్ధాంతం చెప్పదు. ధ్యాన శిబిరంలో పదిరోజులు మౌనంగా కూర్చుంటే, సాయంత్రం ప్రసంగంలో చెప్పే మాట లోపల చాలా లోతుకు దిగుతుంది.

అందుకే బోర్డు మీద ఏ మతానికీ చెందనిది అని రాసి ఉంటే సరిపోదు. అమెరికాలో న్యూజెర్సీ బడుల్లో మంత్రధ్యానాన్ని శాస్త్రం పేరుతో పాఠంగా పెట్టారు. మంత్రం ఇచ్చేముందు సంస్కృతంలో పూజ జరిగేది. 1979లో అప్పీలు కోర్టు అది మతబోధేనని తీర్పిచ్చింది. మనకు దగ్గర్లో, పత్రీజీ మొదలుపెట్టిన పిరమిడ్ ధ్యాన ఉద్యమం ఊపిరి మీద ధ్యాసతో మొదలై పునర్జన్మ, కర్మ సిద్ధాంతాల దాకా వెళుతుంది. అది వాళ్ల నమ్మకం, దాన్ని నమ్మే హక్కు వాళ్లకుంది. కానీ అక్కడికి వెళ్లే క్రైస్తవుడు తాను నేర్చుకుంటున్నది ఊపిరి ఒక్కటే అనుకోకూడదు. నేర్పేవారిని ముందే అడగాలి: మనిషి ఎవరు, చనిపోయాక ఏమవుతాడు, విడుదల ఎవరి వల్ల అన్న విషయాల మీద ఇక్కడ ఏమైనా చెబుతారా? ఏమీ చెప్పం అంటే అది వ్యాయామం. చెబుతామంటే, విని ఆలోచించుకోవాలి.

పాస్టర్లు చెప్పే భయం ఒకటుంది. అపవిత్రాత్మ పోయాక ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంట్లోకి, అది ఇంకో ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చిందని యేసు చెప్పిన ఉపమానాన్ని చూపిస్తారు. మనసు ఖాళీ చేస్తే దయ్యానికి తలుపు తీసినట్టేనంటారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆస్పత్రి నేర్పేది మనసు ఖాళీ చేయడం కాదు, దాన్ని గమనించడం. ఆ ఉపమానం కళ్లు మూసుకుని ఊపిరి చూసుకునే బీపీ రోగిని ఉద్దేశించింది కాదని నా అభిప్రాయం.

ఇంతకంటే బరువైన హెచ్చరిక కతోలిక సంఘం నుంచి వచ్చింది. 1989 అక్టోబర్ 15న, తర్వాత 16వ బెనెడిక్ట్ పోపు అయిన కార్డినల్ రాట్జింగర్ సంతకంతో వాటికన్ ఒక లేఖ విడుదల చేసింది. క్రైస్తవేతరం అన్న ఒక్క కారణంతో ఏ పద్ధతినీ తోసిపుచ్చనక్కర్లేదని అది ఒప్పుకుంది. అదే సమయంలో, శరీరానికి కలిగే హాయిని పరిశుద్ధాత్మ ఇచ్చే ఓదార్పుగా పొరబడవద్దంది. అసలు ప్రమాదం ఇదే. నెమ్మది దొరికింది కదా, ఇక ప్రార్థన ఎందుకనిపించడం. ప్రార్థనలో ఎదుట ఒకరుంటారు. క్షమించమని అడుగుతాం, కృతజ్ఞత చెబుతాం, కొన్నిసార్లు దేవుడితో పోట్లాడతాం. ఊపిరి గమనించేటప్పుడు ఎదుట ఎవరూ లేరు. ఆ తేడా మరవనంతవరకు రెండింటికీ గొడవ లేదు.

వైద్యమూ ప్రార్థనా కలిసి నడవడం గురజాల లూథరన్లకు ఇంట్లో విషయమే. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హెయర్, అమెరికా తిరిగి వెళ్లి వైద్యం చదివి వచ్చి, 1849లో గురజాలలో కాపురం పెట్టాడు. ఒంటికి చేసే వైద్యం విశ్వాసానికి పోటీ అని ఆయన అనుకోలేదు. ఆయన సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్, తనకు క్షౌరం చేసే పీటర్ ప్రార్థన ఎలా చేయాలని అడిగితే 1535లో ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. ఒక్కో ఆజ్ఞనూ తీసుకుని, అది ఏం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏ పాపం ఒప్పుకోవాలి, ఏం అడగాలి అని నాలుగు రకాలుగా తలపోయమన్నాడు. గడ్డం గీసేవాడు కత్తి మీద మనసు పెట్టకపోతే ముక్కో, గొంతో కోస్తాడు, ప్రార్థనకూ అంత ధ్యాస కావాలన్నాడు. ధ్యాస ఎలా నిలపాలో ఆస్పత్రి తరగతి నేర్పితే, ఆ నిలిచిన ధ్యాసను వాక్యం మీద పెట్టడం లూథర్ నేర్పాడు.

లూథరన్ సంఘం నుంచే బయటికి వచ్చి 1938లో బైబిల్ మిషన్ స్థాపించిన దేవదాసు అయ్యగారు, మౌనంగా దేవుని సన్నిధిలో కనిపెట్టడాన్ని విశ్వాసి జీవితానికి నడుమ నిలిపారు. గుంటూరు దగ్గర జరిగే ఆ మిషన్ జనవరి పండుగలకు పల్నాడు నుంచి వెళ్లేవాళ్లకు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవడం పరాయిదనిపించదు. మౌనమంటేనే అనుమానపడే పాస్టర్లు ఈ తెలుగు సంపదను సంఘానికి మళ్లీ చూపించాలని నా కోరిక.

బడిలోనో, ఆఫీసులోనో ధ్యానమని చెప్పి దేవతా మంత్రం చదవమన్నా, గురువు పటానికి మొక్కమన్నా, విశ్వాసి మర్యాదగా కాదనవచ్చు. మనస్సాక్షి స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది. జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడిన కేరళ పిల్లలను బడి నుంచి తీసేయడం తప్పని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

ఇంకో సంగతి డాక్టర్లూ పాస్టర్లూ కలిసి చెప్పాల్సింది. తీవ్రమైన దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు, పాత గాయాల జ్ఞాపకాలు ఉన్నవాళ్లకు ఎక్కువసేపు మౌనంగా కూర్చోవడం కొన్నిసార్లు బాధను పెంచుతుంది. అలాంటివాళ్లు పదిరోజుల శిబిరాలకు వెళ్లేముందు మానసిక వైద్యుడిని కలవాలి. మిర్చి ధర పడిపోయి, అప్పు మీద పడి నిద్రపోని రైతుకు ధ్యానం సరిపోదు, ఒక్క ప్రార్థన చేసి పంపేయడమూ సరిపోదు. వాడుతున్న మాత్రలను ధ్యానం కుదిరిందనో, ప్రార్థన ఫలించిందనో డాక్టరును అడక్కుండా ఆపకూడదు.