పల్లి విత్తనమునకు ప్రాణము నూనెబొట్టు

ఘనపూర్ పరిసరాలలో వరి, పత్తి ముఖ్య పంటలైనను, చెలక నేలలలో బావుల క్రింద యాసంగి వేరుశనగ వేయు రైతులు కలరు. ఈ పంటకు విత్తనపు ఖర్చే పెద్దది. రకమును బట్టి ఎకరమునకు 60 నుండి 80 కిలోల గింజలు కావలెను. మార్చి నాటికి ఇల్లు చేరిన కాయ మరల అక్టోబరులో గాని భూమిలో పడదు. నడుమ ఏడెనిమిది నెలల ఎండలను, వానలను అది తట్టుకొనవలెను. నిండుగా కనిపించు గింజ సైతము ఒక్కొక్కప్పుడు మొలవకపోవుట రైతులు ఎరిగినదే. దీనికి ముఖ్య కారణము గింజలోని నూనె చెడిపోవుటయే.

గింజలో నూనె ఎట్లుండును?

వేరుశనగ గింజ బరువులో సుమారు సగము నూనెయే. కాని అది ఒకచోట నిలిచియుండదు. పప్పుబద్దలలోని జీవకణములలో అతి చిన్న బొట్లుగా ఉండును. ఒక్కొక్క బొట్టు సుమారు మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ప్రతి బొట్టును ఒక పలుచని పొర కప్పియుండును. ఆ పొరలోని ఓలియోసిన్ అను మాంసకృత్తు బొట్లను ఒకదానితో నొకటి కలిసిపోనీయదు. గింజ నీరు పీల్చుకొని మొలకెత్తునపుడు ఈ నూనె విడిపోయి చక్కెరగా మారును. ఆకులు పచ్చబడి మొక్క తన ఆహారము తాను చేసుకొను వరకు ఇదియే దానికి తల్లిపాలు.

చెడుట ఎట్లు?

గింజ నలిగినను, తేమ, వేడి తగిలినను ఈ పొరలు దెబ్బతినును. నూనెకు ప్రాణవాయువు సోకి గింజ కంపు కొట్టును, చేదెక్కును. కణపు పొరలు కూడ చెడి మొలక చచ్చును. తేమ కాయలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. 1960లో ఇంగ్లండులో బూజుపట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినవి.

పశువులు, మనుష్యుల కణములలోను ఇటువంటి కొవ్వుబొట్లు కలవు. వీటిని చాలకాలము ఉత్త కొవ్వుముద్దలనియే తలచిరి. 1991లో వీటిని కప్పియుండు పెరిలిపిన్ అను మాంసకృత్తు బయటపడిన పిదప, ఇవి కణములో పనిచేయు భాగములని తెలిసినది. ఇవి కాలేయములో మితిమీరినచో రోగము. ఈనిన పాడిపశువు మేత చాలక చిక్కినపుడు ఒంటి కొవ్వు కరిగి కాలేయమునకు చేరును. అఫ్లాటాక్సిన్ తిన్న కోళ్ల కాలేయములోను కొవ్వు పేరుకొనును. కనుక బూజుపట్టిన కాయ విత్తనమునకే గాక మేతకును పనికిరాదు.

రైతులు చేయవలసినవి

1. విత్తనపు కాయలను పలుచగా పరచి ఆరబెట్టవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండలో కాలుచున్న బండపై ఎండబెట్టరాదు.

2. తేమ 9 శాతమునకు మించరాదు. కాయను చెవి వద్ద ఊపిన గలగలమనవలెను.

3. విత్తనమును కాయలుగానే నిలువచేయవలెను. పొట్టు గింజకు సహజమైన కవచము.

4. బస్తాలను చెక్కలపై, గోడకు ఎడముగా పేర్చవలెను. ఎరువుల బస్తాలతో కలిపి ఉంచరాదు.

5. విత్తుటకు కొద్ది దినముల ముందు మాత్రమే, చేతితో ఒలువవలెను. నలిగినవి, చీలినవి, ముడుచుకొన్నవి ఏరివేయవలెను.

మొలక పరీక్ష

వేరువేరు బస్తాల నుండి తీసిన 100 గింజలను తడి గోనెపట్టలో వరుసగా పేర్చి చుట్టి, నీడలో ఉంచి, ఆరకుండ నీరు చిలకరించవలెను. పదవ దినమున ఆరోగ్యమైన మొలకలను లెక్కించవలెను. 70కి తగ్గినచో ఆ విత్తనము వాడరాదు.

గ్రామాధికారులు సెప్టెంబరులోనే రైతు వేదికలలో ఈ పరీక్షను జరిపించిన యెడల, వేరే విత్తనము వెదకికొనుటకు రైతునకు వ్యవధి దొరకును. ఒక గోనెపట్ట, నాలుగు చెంబుల నీళ్లు తప్ప దీనికి ఖర్చు లేదు. విత్తిన తరువాత చేనిలో సందులు చూచి విచారించుటకంటె, విత్తకమునుపే గింజ ప్రాణమును పరీక్షించుట మేలు.