చంద్రుడికి గుడి కడితే వాన వస్తుందా?

చంద్రుడి చుట్టూ వెలుగు వలయం కనబడితే వరదగుడి కట్టిందనీ, వాన పడుతుందనీ పల్లెల్లో అంటారు. గుడి దగ్గరగా కడితే వాన దూరమట, దూరంగా కడితే దగ్గరట. తలకిందులుగా తోచే ఈ లెక్క వెనక నిజమైన పరిశీలన ఉంది. దూరపు గుడి మంచు స్ఫటికాల వల్ల ఏర్పడేది. ఆరు కిలోమీటర్లకు పైన, మండు వేసవిలోనూ నీరు గడ్డకట్టే చలిలో, పల్చటి మేఘపు పొర నిండా ఆరు పలకల స్ఫటికాలుంటాయి. ఒక పలకలో దూరి, పక్కది విడిచి ఆపై పలక నుంచి బయటపడే వెన్నెల కనీసం 22 డిగ్రీలు వంగుతుంది. అందుకే ఆ వలయం ఎప్పుడూ చంద్రుడికి అంతే దూరంలో, చేయి చాచి చూస్తే దాదాపు జానెడు ఎడంలో కడుతుంది. దగ్గర గుడి సంగతి వేరు. అది ఇంకా కిందనున్న పల్చటి మేఘంలోని నీటి బిందువుల చుట్టూ వెలుగు వంగి పరుచుకోవడం వల్ల చంద్రుణ్ణి అంటుకునే కడుతుంది. అంటే ఒకే గుడి దగ్గరకూ దూరానికీ జరగడం లేదు. రెండు రకాల మేఘాలను మనవాళ్లు వట్టి కంటితో వేరుచేశారు. ఇది చిన్న విషయం కాదు.

మరి వాన మాటేమిటి? బంగాళాఖాతంలో తుపాను కట్టినప్పుడు పైకెగసిన గాలి శిఖరాన విచ్చుకుని, మంచు మేఘాలను వందల కిలోమీటర్ల ముందుకు పరుస్తుంది. కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తాలో దూరపు గుడి కట్టి, ఆ పొర సముద్రం వైపు నుంచి చిక్కబడుతుంటే పట్టించుకోవలసిందే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అంత నమ్మకం పెట్టుకోలేం. ఆ రోజుల్లో అంత ఎత్తున బలమైన తూర్పుగాలి వీస్తూ, ఎక్కడో కురిసి వెలిసిన ఉరుముల మేఘాల శేషాన్ని మన మీదికి తోస్తుంది. గుడి కడుతుంది, చినుకు పడదు.

పడిన రోజులే గుర్తుంటాయి, పడనివి మరిచిపోతాం అన్న ఆక్షేపణ న్యాయమైనదే. పైగా అమావాస్య దరిదాపుల్లో గుడి కట్టేందుకు చంద్రుడే ఉండడు, కనుక గుడి లేకపోవడం వాన లేదనడానికి గుర్తు కాదు. ఉపగ్రహాలూ రాడార్లూ ఉండగా ఇదెందుకన్న ప్రశ్నకు నా జవాబు సూటిగానే ఉంటుంది: తుపాను హెచ్చరిక వచ్చాక గుడి కట్టలేదని కోసిన వరిని పొలంలో వదిలేయడం ప్రమాదం. గుడి హెచ్చరికకు బదులు కాదు, ఆకాశాన్ని చదవడానికి ఒక ఆధారం. దాని విలువ తేల్చాలంటే వెన్నెల రాత్రులన్నిటికీ పట్టిక రాయాలి: గుడి కట్టిందా లేదా, దగ్గరా దూరమా, తర్వాతి రెండు రోజుల్లో వాన పడిందా లేదా. బడిపిల్లలు ఊరూరా, నెలవారీగా విడదీసి ఈ లెక్క రాయగలరు.