అరువు గుండె... సొంత లయ

కుర్చీలో తీరిగ్గా కూర్చున్న మనిషి నాడి నిమిషానికి 95. జ్వరం లేదు, పరుగెత్తుకు రాలేదు. ఇంకెవరికైనా అయితే డాక్టరు నొసలు చిట్లించేవాడే. గుండె మార్పిడి చేయించుకున్నవారికి మాత్రం అది సవ్యమైన లెక్క. భయపడాల్సింది అదే నాడి 55 దగ్గర ఆగినప్పుడు!

మెదడు నుంచి దిగే వేగస్ నరం మన గుండెకు రాత్రింబవళ్లు కళ్లెం వేసి ఉంచుతుంది. మార్పిడిలో ఆ నరం తెగిపోతుంది. దాంతో దాత గుండెలో లయను పుట్టించే సైనస్ నోడ్ తనకు తోచిన వేగంతో, నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకుంటుంది. మెట్లెక్కినా వెంటనే ఊపందుకోదు. రక్తంలో అడ్రినలిన్ పెరిగాకే పుంజుకుంటుంది, కూర్చున్నాక కూడా ఓ పట్టాన నెమ్మదించదు.

ఆ నోడ్ నలిగితేనే చిక్కు. దాత ఒంటి నుంచి తీసిన గుండెను నాలుగు గంటల్లోపు అమర్చాలంటారు. రక్తం అందని ప్రతి నిమిషమూ దానికి దెబ్బే. 2021 ఫిబ్రవరి 2న నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా హైదరాబాద్ మెట్రోలో ఒక గుండెను తరలించింది అందుకే. మార్పిడి అయ్యాక గుండె మందగిస్తే ఆపరేషన్‌లోనే అమర్చిన సన్నటి తీగలతో కొన్నాళ్లు బయటి నుంచి నడిపిస్తారు. ఆస్తమాకు వాడే థియోఫిలిన్ కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. చాలామందిలో నోడ్ దానంతటదే కోలుకుంటుంది కాబట్టి రెండు మూడు వారాలు ఓపిక పట్టి, అప్పటికీ దారికి రాకపోతేనే శాశ్వత పేస్‌మేకర్.

ఒకప్పుడు ఈ అవసరం ఎక్కువగా పడేది. రోగి పాత గుండె పైగదుల గోడను కొంత ఉంచేసి, దానికే కొత్త గుండెను కుట్టేవారు. అలాంటివారి ఈసీజీలో ఒక వింత కనిపిస్తుంది: పైగదుల స్పందనను చూపే పీ అలలు రెండు రకాలు! ఒకటి దాతది, రెండోది ఛాతీలో మిగిలిన పాత ముక్కది. మనిషికి కోపమొస్తే నరాలు తెగని ఆ పాత ముక్క చప్పున వేగం పెంచుతుంది. కుట్టు దాటి ఆ కబురు కొత్త గుండెకు చేరదు. తరవాత సిరలనే నేరుగా కలిపే బైకేవల్ పద్ధతి వచ్చాక సైనస్ నోడ్‌కు గాయాలు తగ్గాయి, పేస్‌మేకర్లూ తగ్గాయి.

మన దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. చేసింది రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఇవి జరుగుతున్నాయి. అవయవాల కేటాయింపు చూసేందుకు తెలంగాణలో జీవన్‌దాన్, కర్ణాటకలో జీవసార్థకతె ఉన్నాయి. కర్ణాటకలోనే ఉన్నా బీదర్ వాళ్లకు సొంత రాజధాని బెంగళూరు దాదాపు ఏడు వందల కిలోమీటర్లు. హైదరాబాద్ నూట నలభై. 1956 దాకా ఒకే రాష్ట్రంలో ఉన్న ఊళ్లాయె, పెద్ద జబ్బు చేస్తే జహీరాబాద్ మీదుగా బండెక్కడం ఇక్కడ పాత అలవాటే.

కానీ ఆపరేషన్ నగరంలో, బతుకు బీదర్‌లో. అర్ధరాత్రి కళ్లు తిరిగి పడిపోతే ముందు చేరేది ఊళ్లోని ప్రభుత్వాసుపత్రి బ్రిమ్స్‌కో, దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌కో. నాడి మందగిస్తే ఎవరైనా మొదట అందుకునేది అట్రోపిన్ సూది. అది పనిచేసేది వేగస్ నరం మీద, ఆ నరమే తెగిపోయాక ఇక సూది ఏం చేస్తుంది? ఒక్కోసారి గుండె ఇంకా ఆగి ఆగి కొట్టుకునే ప్రమాదమూ ఉంది. దడను ఆపే అడినోసిన్‌దీ పేచీయే. మార్పిడి గుండెకు అది అతిగా తగులుతుంది, తక్కువ డోసుతో మొదలుపెట్టాలి. ఇవి తెలియకపోవడం డ్యూటీ డాక్టరు తప్పని నేననను. ఇలాంటి రోగి ఆయనకు ఎన్నాళ్లకొకడు తగులుతాడు? తెలిసిన రోగే చెప్పుకోవాలి.

ఏళ్లు గడిచాక కొత్తగా లయ తప్పితే మరీ జాగ్రత్త. దాని వెనక శరీరం గుండెను తిరస్కరించడమో, రక్తనాళాలు పూడుకుపోవడమో ఉండొచ్చు. దడకు మాత్ర రాసి పంపేస్తే సరిపోదు, బయాప్సీ కావాల్సి రావచ్చు. పైగా దడకు వాడే డిల్టియాజెమ్ వంటివి తిరస్కరణను ఆపే మందు టాక్రోలిమస్ స్థాయిని రక్తంలో పెంచేస్తాయి, కిడ్నీలకు ముప్పు. పేస్‌మేకర్‌ను ఎక్కువగా ఎడమవైపు పెట్టేదీ బయాప్సీ కోసమే. బయాప్సీ పరికరం కుడి మెడ సిరలోంచి వెళ్తుంది, ఆ దారిలో తీగలు అడ్డం ఉండకూడదు.

అందుకే డిశ్చార్జి రోజే ఒక కాగితం అడిగి రాయించుకోవాలి. మామూలు నాడి ఎంత, కుట్టు ఏ పద్ధతి, పేస్‌మేకర్ మోడల్ ఏది, రాత్రి కూడా ఎత్తే ఫోన్ నంబరు ఏది. తెలుగులో, కన్నడలో ఇంటివాళ్లకొకటి, డాక్టర్లకు ఇంగ్లిష్‌లో ఇంకొకటి.