మంగలికత్తికి తగిన సానరాయి



మన పాతయిండ్లలో తాతతండ్రులు వాడిన మంగలికత్తి యొకటి అటకమీది పెట్టెలోనో, భోషాణపు మూలనో పడియుండుట కలదు. దానిని తీసి చూచినవారు మొద్దువారినదని మరల మూటగట్టుదురు. చెడినది ఇనుము కాదు, వాదర మాత్రమే. దానిని బాగుచేయుటకు మిక్కిలి వెలగల రాయి యక్కరలేదు. చవుకయైన కృత్రిమశిలయే చాలును. అయితే దానిని తెలిసి యెన్నుకొనవలెను. ఈ విషయమున నా యెరుక నా తప్పుతో మొదలైనది.

నాకు క్రొత్తగా ఉపాధ్యాయపదవి లభించిన దినములవి. మా తండ్రిగారి కత్తి పదును తగ్గినదని విని, బజారునుండి నల్లని కార్బోరండపు రాయి తెచ్చి, కొడవలిని నూరినట్లు నూరితిని. మరునాడు ఆయన గడ్డము గీచుకొనగా చెంప రెండుచోట్ల తెగినది. ఆయన నన్నేమియు ననలేదు. పటిక రాచుకొని కత్తిని ఒరలో పెట్టిరి. నాకు సిగ్గువేసి, మా గ్రామమున క్షురకర్మయందు ఆరితేరిన వృద్ధునికి ఆ కత్తిని చూపితిని. ఆయన దానిని వెలుతురుకెదురుగా పట్టి, “పంతులుగారూ, కొడవలికి కక్కులుండాలి గాని, కత్తికి కక్కులుండకూడదండీ” అనెను. నా ఇన్నేండ్ల అనుభవమునకు ఆ మాటయే మూలసూత్రము.

రాయి ఇనుమును నునుపు చేయునని మనము తలతుము. నిజమునకు అది ఇనుమును గీచును. రాతియందలి ప్రతికణమును ఒక చాలును దున్నును. ఆ చాళ్లు వాదరను చేరినచోట కక్కులేర్పడును. కణము పెద్దదైన కక్కు పెద్దది, చిన్నదైన చిన్నది. కావున మంగలికత్తికి కావలసిన గుణములు రెండు: కణములన్నియు సమానముగా నుండుట, రాయి చదునుగా నుండుట. వెల ఈ రెంటి తరువాతిదే.

సంస్కృతమున శాణమనునదే మన సాన. పూర్వము సానలు చాలవరకు గనులనుండి త్రవ్వినవే. బెల్జియముదేశపు పసుపుపచ్చని కోటిక్యూలురాయి మంగలికత్తులకు ప్రసిద్ధమైనది. కాని ప్రకృతిశిలలు ఒకదానివలె మరియొకటి యుండవు. మంచివాని వెలయు హెచ్చు. 1891లో అమెరికాలో ఎడ్వర్డు అచెసను అనునాయన విద్యుత్కొలిమియందు కార్బోరండమును కనుగొనెను. ఇసుకను, బొగ్గును కలిపి మహోష్ణమున కాల్చి దానిని చేయుదురు. బాక్సైటును కరగించి చేయు అల్యూమినాకణములు తరువాత వచ్చినవి. వీనిని పొడిచేసి, పరిమాణమునుబట్టి వేరుపరచి, బంధకద్రవ్యముతో రాళ్లుగా చేయుదురు. మనదేశమున మద్రాసులో 1954లో కార్బోరండం యూనివర్సల్ సంస్థ ఏర్పడినది. కణములను వేరుపరచుట యంత్రములవలన సులభమైనందుననే సరసమైన రాయియు నమ్మదగినదైనది.

రాతిపై ముద్రించిన సంఖ్య కణపరిమాణమును తెలుపును. సంఖ్య పెరిగినకొలది కణము సన్నబడును. జపానుగణనలో 1000 సంఖ్యగల రాతికణము మిల్లీమీటరులో సుమారు నూరవవంతు. 8000 సంఖ్యగలది సుమారు వేయవవంతు. ఇచట ఒక హెచ్చరిక. ఐరోపాగణనలో 1000 అనగా ఇంతకంటె చాల సన్నని కణము. కావున ఏ దేశపు గణనయో అడిగి తెలిసికొనవలెను. “సన్నము”, “ముతక” అని మాత్రమే వ్రాసి సంఖ్య చూపని రాయి కొడవళ్లకు, గొడ్డళ్లకే తగును. నేను తండ్రిగారి కత్తిని పాడుచేసినది అట్టిదానితోనే.

అంగడిలో మూడు పరీక్షలు చేయుడు. ఉక్కుబద్దను రాతిపై నిలువుగా ఆనించి వెలుతురువైపు చూడుడు. నడుమ వెలుగు కనబడినచో రాయి పల్లమైనది. బొటనవ్రేలి గోటిని మెల్లగా రాతిపై నడుపుడు. ఒక్కచోట గరుకుగా తగిలినచో పెద్దకణము చొరబడినదని గ్రహింపుడు. అంచులు చిట్లినవేమో చూడుడు. అతిచవుకరాతిపై 10000 అని వ్రాసియుండుట చూచి మురియవలదు. అందొక్క పెద్దకణమున్నను ఆ సన్నదనమంతయు వ్యర్థము. అంతకంటె నిజమైన 1000 మేలు.

కొనవలసినవి 1000, 8000 సంఖ్యలుగల రాళ్లు; నడుమ 4000 ఉన్నచో పని సుఖముగా సాగును. అంత వ్యయమునకు వీలులేనివారు ఒకప్రక్క 1000, ఒకప్రక్క 6000 గల జంటరాతిని కొని, తుదకు ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడు పూసిన తోలుపై కత్తిని నడపవచ్చును.

క్రొత్తరాయియైనను ముందుగా చదును చేయవలెను. దానిపై పెన్సిలుతో గళ్లు గీచి, మందపు అద్దముపై నీటికి చినుగని ఉప్పుకాగితము పరచి, గళ్లన్నియు చెరగువరకు రుద్దవలెను. నూరునపుడు నీళ్లు చిలుకరించి, కత్తివీపును, వాదరను రెంటిని రాతికి ఆనించి, వాదర ముందు నడచునట్లు బరువుమోపక త్రోయవలెను. వీపు ఆనియున్నచో కోణము తనంతట తాను కుదురును. తోలుపై మాత్రము వీపు ముందు నడవవలెను. లేనిచో తోలు తెగును. 1000 రాతిపని వాదర చెడినప్పుడే. పిమ్మట నిత్యము తోలు, అప్పుడప్పుడు సన్నరాయి చాలును.

ఒక్క మాట మరువరాదు. ఎవరి కత్తి వారిదే కావలెను. కంటికి కనబడని రక్తలేశమువలన కాలేయమును చెరచు కామెర్లవంటి వ్యాధులు ఒకరినుండి యొకరికి సోకును.

ఆ వృద్ధుడు మూడు సాయంకాలములు శ్రమించి మా తండ్రిగారి కత్తిని బాగుచేసెను. నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పెను. నాలుగవనాడు మా తండ్రిగారు గడ్డము గీచుకొని, చెంప నిమురుకొని, నావైపు చూచి నవ్విరి. ఆ కత్తి నేడు నాయొద్ద నున్నది. మీ యింటి పెట్టెలోని కత్తినికూడ ఒకమారు వెలుతురులోనికి తీసి చూడుడు.