కటురసము - అత్యుగ్రములగు మిరపకాయలు

ఆయుర్వేదమునఁ జెప్పఁబడిన షడ్రసములలోఁ గటువొకటి. తెలుఁగువారు దీనిని కారమందురు. ఆధునిక శరీరశాస్త్రజ్ఞులు మాత్రము కారమును రుచులలోఁ జేర్పరు. తీపి, పులుపు, ఉప్పు, చేదు మొదలగునవి నాలుకయందలి రుచిమొగ్గలచే గ్రహింపఁబడుననియు, కారము వేఁడిమిని, నొప్పిని దెలుపు నాడులచే గ్రహింపఁబడుననియు వారి సిద్ధాంతము. అట్లగుచోఁ గటువును రసములలోఁ జేర్చిన ప్రాచీనులు పొరపడిరా? షడ్రసములను బోధించు పండితునకు దీని సమాధానము తెలియుట యావశ్యకము.

ఈ విచారమునకు మిక్కిలి ఘాటైన మిరపకాయలు మంచి యుదాహరణములు. మిరప అమెరికా ఖండమునఁ బుట్టిన మొక్క. 15వ శతాబ్ది చివరఁ గొలంబసు చేసిన యాత్రల పిదపనే యది మన దేశమునకు వచ్చినది. చరకాదులు దాని నెఱుఁగరు.

1912లో విల్బర్ స్కోవిల్ అను అమెరికా ఔషధశాస్త్రజ్ఞుఁడు మిరప ఘాటును గొలుచు విధానమును గల్పించెను. మిరపసారమును జక్కెరనీటఁ గలిపి, రుచి చూచువారికి మంట తెలియకుండునంతవఱకుఁ బలుచన చేయుట యా పద్ధతి. ఎన్ని రెట్లు పలుచన చేయవలసివచ్చునో, అన్ని స్కోవిల్ మానములు దాని ఘాటు. నేఁడు క్యాప్సైసిన్ మొదలగు కారపు పదార్థముల పరిమాణమును యంత్రములతోఁ గొలిచి యీ మానములలోనికి మార్చుచున్నారు. అస్సాము, నాగాలాండు ప్రాంతములఁ బండు భూత్ జొలోకియా 2007లో 10,01,304 మానములతో గిన్నెస్ గ్రంథమున నగ్రస్థానము నందెను. అనంతరము 2013లో కరోలినా రీపర్, 2023లో సగటున 26,93,000 మానములు గల పెప్పర్ ఎక్స్ ఆ స్థానము నందినవి.

క్యాప్సైసిన్ సోఁకఁగనే మేల్కొను గ్రాహకమును 1997లో డేవిడ్ జూలియస్ పరిశోధకవర్గము గుర్తించెను. అందులకు 2021లో నాతనికి నోబెల్ బహుమతిలో భాగము లభించెను. ఆ గ్రాహకమే సుమారు 43 సెంటిగ్రేడు డిగ్రీలకు మించిన వేఁడిమికిని మేల్కొనును. కావుననే చల్లని మిరపకాయయు నోటిని గాల్చినట్లు తోఁచును. పక్షుల గ్రాహకమునకు క్యాప్సైసిన్ పట్టదు; అవి మిరపపండ్లను సుఖముగఁ దిని విత్తులను వెదచల్లును.

ఇఁక చరకసంహితయందు సూత్రస్థానము 26వ అధ్యాయమునఁ గల కటులక్షణమును జూడవలెను. నాలుకపైఁ బడఁగనే యుద్వేగము గలిగించుచు, పొడిచినట్లుండి, మండించుచు, నోట, ముక్కున, కన్నుల నీరు గార్పించునది కటువని దాని తాత్పర్యము. పొడుచుట, మండుట యనునవి స్పర్శకుఁ జెందినవే కదా! త్రికటువులగు శొంఠి, పిప్పలి, మిరియములలోని కారపు పదార్థములును నా గ్రాహకమునే మేల్కొల్పునని నేఁటి పరిశోధనములఁ దేలినది.

రసము రసనేంద్రియవిషయమని చరకుఁడే చెప్పెను. కటువును నా వర్గమునఁ జేర్చుటను ఆధునికు లంగీకరింపరు. కాని విభాగము వేఱు, పరిశీలనము వేఱు. మొదటిదానిని మార్చుకొన్నను రెండవది చెడదు. మిరపను జూడనివాఁడు చెప్పిన లక్షణము నేఁటి యత్యుగ్రమగు మిరపకాయకును సరిపోవుచున్నది.