ఇంటి ముంగిలికి నేల పరపు, కూర్చొను సామాను ఎన్నుకొనుట

పంట ఇల్లు చేరి, అప్పులు తీరి, చేతిలో నాలుగు డబ్బులు మిగిలిన ఏడు రైతునకు ఇంటి ముందు భాగమును బాగుచేసికొనవలెనను కోరిక కలుగుట సహజము. ఇటీవల పల్లెలలో కూడ క్రొత్త డాబాల ముందు పచ్చిక పెంచి, నాలుగు కుర్చీలు వేసికొనుట వాడుకలోనికి వచ్చినది. ఇది మంచిదే. పగలెల్ల పొలములో కష్టపడినవాడు సాయంకాలము చల్లగాలికి కూర్చొనుటకు ఒక చోటు ఉండవలెను. కాని పొలములో వేయు విత్తనమునకు భూమిని, నీటిని, కూలీలను లెక్క చూచు రైతు, ముంగిలి విషయము వచ్చుసరికి పట్టణములో చూచినదానినే తెచ్చి పెట్టుచున్నాడు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

ఈ పొరపాటు నేను కూడ చేసితిని. ఒక వర్షాకాలమున మా పల్లెలోని తలిదండ్రుల ఇంటి ముందు సుమారు 60 చదరపు మీటర్ల స్థలములో నర్సరీ నుండి తెచ్చిన తివాచీ గడ్డి పరపించితిని. సంక్రాంతి వరకు అది చూడ ముచ్చటగా నుండెను. ఉగాది దాటగానే బావిలో నీరు అడుగంటెను. సెలవులకు పోయి చూడగా, మా అమ్మ వీధి కుళాయి నుండి బిందెలతో నీరు మోసి ఆ గడ్డికి పోయుచున్నది. “నీవు వేసినది ఎండిపోరాదు కదా నాయనా” అని ఆమె అన్న మాటకు నా యొద్ద జవాబు లేకపోయెను. తరగతిలో పైరు నీటి అవసరమును బోధించు నేను ఇంటి ముంగిట ఆ లెక్కయే వేయలేదు. మీరు అట్లు చేయకుండుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముంగిలి చేయు పనులు

ఏమి కొనవలెనో ఆలోచించుటకు ముందు, మీ ముంగిట ఏయే పనులు జరుగునో ఇంటి ఆడువారితో కూర్చుండి వ్రాసికొనుడు. ఉదయము కళ్లాపి చల్లి ముగ్గు వేయుటకు చోటు కావలెను. మిరపకాయలు, కందులు, వడియములు ఎండబెట్టుటకు చదునైన నేల కావలెను. ట్రాక్టరు గాని, మోటారు సైకిలు గాని వచ్చి నిలుచుటకు గట్టి దారి కావలెను. వచ్చినవారు కూర్చొనుటకు నీడ కావలెను. ఇవన్నియు పోగా మిగిలిన చోటు మాత్రమే పచ్చదనమునకు. ముంగిలి అంతయు పచ్చిక వేసినచో ముగ్గు వీధిలోనికి, మిరపకాయలు డాబా మీదికి పోవును.

కావున స్థలమును మూడు భాగములు చేసికొనుడు: నడచు భాగము, కూర్చొను భాగము, పచ్చని భాగము. ఒక్కొక్క దానికి తగిన పరపు వేరు.

నీరు పోవు దారి

పరపు ఏదైనను, వాన నీరు గోడ వైపు పోరాదు. గోడ నుండి బయటకు ప్రతి 5 అడుగులకు 1 అంగుళము వంతున వాలు ఉండవలెను. తాపీ పనివారు వాడు నీటి గొట్టముతో ఈ వాలును సులభముగా చూచుకొనవచ్చును. వాలు లేని ముంగిట నీరు నిలిచి నాచు పట్టును. నాచు పట్టిన బండ మీద ముసలివారు జారిపడుట, తుంటి ఎముక విరిగి మంచము పట్టుట మనము ఎరిగినదే. నున్నని టైల్సుకు పెట్టు డబ్బు కంటె వాలుకు పెట్టు శ్రద్ధ ఎక్కువ మేలు చేయును.

నడచు భాగమునకు బండలు, మొరము

మన ప్రాంతములో బండలకు కొదువ లేదు. కడప నల్ల బండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ వాడుకలో ఉన్నవి. ఆరుబయట పరచుటకు మెరుగు పెట్టని గరుకు బండనే తీసికొనవలెను. మెరుగు పెట్టినది తడిసినచో జారును. నల్ల బండ ఎండకు మిక్కిలి కాలును. కావున రోజంతయు ఎండ తగులు చోట లేత రంగు బండ మంచిది.

నేలను దిమ్మిసతో గట్టి చేసి, 3 అంగుళముల మందము ఇసుక పోసి, బండలు పరచి, సందులలో సిమెంటుకు బదులు ఇసుకయే నింపుడు. వాన నీటిలో కొంత ఆ సందులగుండ భూమిలోనికి ఇంకును. బండ క్రుంగినచో తీసి మరల సరిచేసికొనవచ్చును. ముగ్గు వేయు చోట, ధాన్యము ఆరబోయు చోట మాత్రము సందులు సిమెంటుతో పూడ్చుట మేలు.

బండలకు డబ్బు చాలనివారు మొరము వాడవచ్చును. 4 అంగుళముల మందమున పోసి, నీరు చల్లి, దిమ్మిస కొట్టినచో బండి చక్రమునకు కూడ ఆగును. అంచులకు ఇటుకలు నిలువుగా పాతినచో వానకు కొట్టుకొని పోదు. ఏడాదికొకసారి గుంటలు పడిన చోట మరల పోసికొనవలెను.

పచ్చని భాగము: ముందు నీటి లెక్క

ఒక చదరపు మీటరు నేలకు 1 మిల్లీమీటరు నీరు పెట్టుట యనగా 1 లీటరు పోయుట. వేసవిలో పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావలెనని అనుకొందము. 60 చదరపు మీటర్లకు రోజునకు 300 లీటర్లు. అనగా 15 లీటర్ల బిందెలు ఇరువది. ఏప్రిల్, మే నెలలు రెండింటికి కలిపి 61 రోజులకు 18,300 లీటర్లు! మా అమ్మ మోసినది ఈ భారములో కొంత. మీ బావి, బోరు మే నెలలో ఇంత నీరు ఇచ్చునా? ఇంటికి, పశువులకు పోగా ఎంత మిగులును? ఆ మిగిలిన నీటికి సరిపడు పచ్చికనే వేయుడు. రోజుకు 50 లీటర్లు మిగిలినచో 10 చదరపు మీటర్లు చాలును.

ఇక ఏది నాటవలెను?

గరిక: పొలములో దీనిని శత్రువుగా చూతుము. ముంగిట ఇది మిత్రము. త్రొక్కుడుకు ఓర్చును, నీరు తక్కువైనచో ఎండినట్లు కనిపించి వాన పడగానే మరల చిగిర్చును. ఎండ మాత్రము బాగుగా తగులవలెను, చెట్టు నీడను పెరుగదు. తొలకరి వానలకు కణుపులున్న తీగ ముక్కలను 4 అంగుళముల ఎడముగా నాటినచో చదరపు మీటరుకు సుమారు 100 ముక్కలు పట్టును. అంచున ఇటుకలను అర అడుగు లోతున పాతి కట్టడి చేయుడు. పీకిన గరికను దిబ్బలో వేయకుడు. ఆ ఎరువుతో అది తిరిగి పొలమునకు చేరును.

తివాచీ గడ్డి: నర్సరీలవారు చాపలవలె అమ్మునది. చూచుటకు మెత్తగా, ఒత్తుగా నుండును. కాని ఎడతెగక నీరు, కలుపు తీయుట, కత్తిరించుట కావలెను. నీటి వసతి పుష్కలముగా నున్నవారికే ఇది తగును.

పింటో వేరుశనగ: మన వేరుశనగకు చుట్టమే. బ్రెజిలు దేశపు మొక్క. నేలపై ప్రాకి పసుపు పూలు పూయును. కొంత నీడను ఓర్చును. పప్పుజాతి మొక్క గనుక గాలిలోని నత్రజనిని తన వేరు బుడిపెలలో స్థిరపరచుకొనును. తీగ ముక్కలతో నాటుకొనవచ్చును. తేమగల కోస్తా భూములకు, కొబ్బరి చెట్ల క్రిందికి తగినది. మేకలకు అందనీయకుడు.

పసుపు పూల వెడీలియా: నర్సరీలలో చౌకగా దొరకును, వేగముగా నేలను కప్పును. ఆ వేగమే దాని దోషము. అది కాలువ గట్లకు ప్రాకి ఇతర మొక్కలను అణచివేయును. ప్రపంచములో మిక్కిలి హాని చేయు పరాయి మొక్కల జాబితాలో దీనిని చేర్చియున్నారు. పొలము దగ్గరలో నున్నవారు దీనిని నాటకుండుటయే మంచిది.

వేపచెట్టు క్రింద గడ్డి పెంచుటకు పాటుపడకుడు. అక్కడ మొరము గాని, 2 అంగుళముల మందమున వేరుశనగ పొట్టు గాని పరచినచో చాలును. పొట్టును చెట్టు మొదటికి ఆనించరాదు. చెదలు పట్టకుండుటకు ఇంటి గోడకు అడుగున్నర ఎడము విడువవలెను. స్నానపు నీరు, గిన్నెలు కడిగిన నీరు పోవు చోట అరటి, మెట్టతామర నాటినచో మురుగు నిలువక వాటికి ఉపయోగపడును.

మట్టి తెచ్చునపుడు జాగ్రత్త. తుంగ గడ్డలున్న మట్టి ఒక్క బండెడు తోలించుకొన్నచో ఏండ్ల తరబడి కలుపు తీయవలసి వచ్చును. మాగని పెంట ఎరువుతో కూడ కలుపు విత్తనములు వచ్చును.

కూర్చొను సామాను

ఆరుబయట వేయు సామానుకు ఎండ, వాన, చెదలు అను ముగ్గురు శత్రువులు. కొనుటకు ముందు ఈ మూడింటిని తలచుకొనవలెను.

నులక మంచము: మన పెద్దలు ఎన్నుకొన్న ఆరుబయటి సామాను ఇదియే. గాలి క్రిందనుండి ఆడును, ఒక్కరే ఎత్తి నీడకు జరుపవచ్చును, నులక తెగినచో ఊరిలోనే అల్లించుకొనవచ్చును. వాన పడినపుడు గోడకు నిలబెట్టినచో చాలును. దీనిని పారవేసి మరియొకటి కొనుట తెలివి కాదు. అయితే మోకాళ్ల నొప్పులున్నవారికి క్రుంగిన మంచము మీదనుండి లేచుట కష్టము. వారికి 18 అంగుళముల ఎత్తున పీట, పట్టుకొని లేచుటకు చేతులు గల కుర్చీ కావలెను.

కఱ్ఱ సామాను: టేకు చేవలో సహజమైన నూనె ఉండుటచేత వానకు, చెదలకు ఆగును. తెల్లగా నుండు పై చెక్కకు ఆ గుణము లేదు. కావున టేకు అని చెప్పిన మాట విని కొనక, చేవ ఎంత ఉన్నదో చూడవలెను. పాత పెంకుటిండ్లు విప్పినపుడు వచ్చు దూలములు, వాసములు బాగుగా ఆరిన కఱ్ఱ. మీ ఇంటి పాత దూలమును అమ్ముకొనక, ఊరి వడ్రంగి చేత బల్ల చేయించుకొనుడు. పీట పలకల నడుమ పావు అంగుళము సందు ఉంచినచో వాన నీరు నిలువదు. ఏటేటా ఎండిన దినములలో అవిసె నూనె పూయవలెను. కాళ్లు మట్టిని తాకకుండ క్రింద రాతి ముక్కలు పెట్టవలెను.

వెదురు, పేము: తేలికగాను చల్లగాను ఉండును. కాని వెదురులోని పిండి పదార్థమునకై పురుగు తొలిచి పొడి రాల్చును. వానకు తడిసినచో త్వరగా పాడగును. వీటిని వసారాలోనే వాడవలెను.

ప్లాస్టిక్ కుర్చీ: చౌక, తేలిక, ఒకదానిపై నొకటి పేర్చవచ్చును. ఏండ్ల తరబడి ఎండలో నుంచినచో పెళుసెక్కి, ఒకనాడు కూర్చొన్నవాని బరువుకు కాలు విరుగును. రంగు వెలిసి, నొక్కిన చోట తెల్లని చారలు కనిపించిన కుర్చీని పెద్దలకు వేయకుడు. పని తీరగానే నీడకు చేర్చినచో ఎక్కువ కాలము నిలుచును.

ఇనుప సామాను: గట్టిదే గాని మధ్యాహ్నపు ఎండకు కాలును, సముద్రపు గాలి తగులు ఊళ్లలో త్వరగా తుప్పు పట్టును. అక్కడివారు జింకు పూత గలదానినే తీసికొనవలెను.

రాతి బల్ల: దొంగల భయము, చెదల భయము లేనిది. ఇటుక దిమ్మెలపై 2 అంగుళముల మందము గల బండ వేసినచో తరములు నిలుచును. అయిదడుగుల బల్లకు రెండు దిమ్మెలు కాక మూడు కట్టుడు. చివరలు దిమ్మె దాటి అర అడుగు కంటె ఎక్కువ ముందుకు రారాదు. దీనిని జరుపలేము. కావున సాయంకాలము నీడ ఎక్కడ పడునో వేసవిలో నాలుగు దినములు గమనించి అక్కడనే కట్టవలెను.

పురుగు పుట్ర

పచ్చదనము గడప వరకు రానీయకుడు. ఇంటి చుట్టు కనీసము 3 అడుగుల మేర నేల బోడిగా, కంటికి కనిపించునట్లు ఉండవలెను. గుబురు తీగలు, ఇటుకల పోగులు, కట్టెల మోపులు ఎలుకలకు ఆటపట్టు. ఎలుకల కొరకు పాము వచ్చును. కట్లపాము తిరుగునది రాత్రివేళనే. పిల్లలు ఆరుబయట నేలపై గాక మంచముపై పండుకొనవలెను, మంచము క్రింద సామాను పెట్టరాదు. కుండీల పళ్లెములలో, కొబ్బరి చిప్పలలో, పాత టైర్లలో నీరు నిలిచినచో డెంగ్యూ దోమ పెరుగును. వారమునకొకసారి వాటిని బోర్లించి ఆరనీయవలెను.

పని వరుస

వేసవిలో నీడను గమనించి, వాలు తీయించి, బండలు, మొరము పరపించుడు. తొలకరి పడగానే గరిక నాటుడు. వాన మొగము చాటువేసినచో మూడు వారముల వరకు మాత్రము నీరు పోయుడు. సామాను చిట్టచివర కొనుడు. చాలమంది మొదట కుర్చీలు కొని, తరువాత వాటిని వేయు చోటు కొరకు వెదకుచున్నారు.

మా ఇంట ఇప్పుడు 10 చదరపు మీటర్ల గరిక మాత్రము ఉన్నది. తక్కిన చోట తాండూరు బండలు, వేపచెట్టు క్రింద మొరము. ఆ మొరముపై పాత దూలముతో చేయించిన చేతుల బల్లపై కూర్చొని మా అమ్మ సాయంకాలము చిక్కుడుకాయలు ఒలుచుకొనును. గరికకు మే నెలలో ఆమె బిందె ఎత్తదు. ఎండిన గరికను చూచి నేను దిగులుపడినచో, “వానకు అదే వచ్చునులే” అనును.

మీ ముంగిలిని కూడ అట్లే ఎన్నుకొనుడు. అందము చూచుటకు ముందు, దానికి నీరు మోయవలసినవారెవరో, దానిపై నడువవలసినవారెవరో ఒకసారి తలచుకొనుడు.